పనిముట్టునకు పైపొరయే ప్రాణము

తొలకరిలో కమ్మరిచే సరిచేయించిన నాగటి కర్రు చెలక నేలలో కొలది దినములకే మొద్దుబారుట రైతులెరిగిన విషయమే. మరల కొలిమికి పోవలెను, అదను తప్పును. ఇందులకు ముఖ్యకారణము నేలలోని ఇసుక. పలుగురాతి రేణువు సామాన్యపు ఉక్కు కంటె కఠినమైనది. అది రాచుకొన్నపుడెల్ల ఉక్కు గీరుకొనిపోవును. ఇదియే అరుగుదల.

అట్లయిన పనిముట్టునంతను కఠినముగా చేయరాదా? ఉక్కు కఠినమైనకొలది పెళుసగును. రాయి తగిలినచో విరుగును. అందుచే లోపలి భాగమును దెబ్బకోర్చునట్లుంచి, పైపొరను మాత్రమే గట్టిపరచు పద్ధతులు ఏర్పడినవి.

ఉక్కునకు గట్టిదనమిచ్చునది కర్బనము. పూర్వము నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రమున మూసలలో తయారైన ఉక్కు పర్షియా వరకు పోయి కత్తులైనది. దానిలో కర్బనము అంతటను వ్యాపించియుండెడిది. నేడు దానిని పైపొరకే పరిమితము చేయగలుగుచున్నారు.

ఖైరతాబాదు నుండి అమీర్‌పేట మీదుగా పోయినచో బాలానగరు పారిశ్రామికవాడ వచ్చును. అచ్చులు, కోత పనిముట్లు రూపొందించు విద్యను నేర్పుటకు సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ అచట 1968లో స్థాపితమైనది. ఇట్టి పనిముట్ల పైపొరను గట్టిపరచుటకు రెండు పద్ధతులు ముఖ్యమైనవి.

మొదటిది కర్బన పద్ధతి. మెత్తని ఉక్కును 900 డిగ్రీల సెంటీగ్రేడుకు పైబడిన వేడిలో, కర్బనము గల పదార్థముల నడుమ కొన్ని గంటలుంచి, పిదప నూనెలో గాని నీటిలో గాని ముంచుదురు. గట్టిపడిన పొర లోతు సుమారు ఒక మిల్లీమీటరుండును.

రెండవది నత్రజని పద్ధతి. క్రోమియము కలిసిన పనిముట్టు ఉక్కును 500 డిగ్రీల ప్రాంతమున అమోనియా వాయువులో ఉంచుదురు. వేడి తక్కువ, ముంచు పని లేదు. కనుక వస్తువు వంకరపోవుట అరుదు. పొర మిక్కిలి పలుచన, మిక్కిలి కఠినము.

రాపిడియు అరుగుదలయు ఒకటి కావు. గట్టి పొర అరుగుదలను అరికట్టును. యంత్రభాగముల నడుమ రాపిడిని తగ్గించుటకు చమురు తప్పనిసరి. పొర పెచ్చులూడినచో ఆ పెచ్చులే ఇసుకవలె మిగిలిన భాగమును గీకివేయును. పొర తరిగిపోయిన పిమ్మట అరుగుదల ఒక్కసారిగా హెచ్చును.

రైతు సోదరులు గమనింపవలసినవి: కర్బనపు పొర గల కత్తిని ఎండుసానపై ఒత్తిపట్టరాదు. అంచు నీలిరంగు తిరిగినచో సుమారు 300 డిగ్రీల వేడి తగిలి గట్టిదనము తగ్గినదని గుర్తు. నీరు చిలుకుచు తేలికగా సానపట్టవలెను. కొలిమిలో ఎర్రగా కాల్చి సాగగొట్టినచో ఆ పొర చెడును. పొర ఉన్నదో లేదో తెలియుటకు ఆకురాయితో మెల్లగా గీచి చూడుడు: గట్టి పొరపై ఆకురాయి జారును, మెత్తని ఉక్కును కొరుకును. కొనునపుడే ఈ పరీక్ష చేసినచో మోసపోకుండ ఉండవచ్చును.