కాంటాలు తక్కువ, కుప్పలు ఎక్కువ

2024లో హైదరాబాద్‌కు వచ్చిన ‘మన యాత్రి’ ఆటో యాప్‌కు మూలం బెంగళూరు ‘నమ్మ యాత్రి’. దాని సర్వర్ ప్రోగ్రామ్ హాస్కెల్ అనే ఫంక్షనల్ భాషలో ఉంది. కోడ్ ఎవరైనా చదువుకోవచ్చు. నేనూ హాస్కెల్ రాసే మనిషినే. మా ఊరు నస్రుల్లాబాద్ పోతే మా చిన్నాయన అడిగేది ఒక్కటే: “గిన్ని వేలమంది ఒక్కపారే ఆటో పిలుస్తే ఆ మిషిను ఎట్ల తట్టుకుంటదిరా?”

జవాబు మా వడ్ల కొనుగోలు కేంద్రంలోనే ఉంది. కుప్పలు వందల్లో, కాంటాలు రెండో మూడో. తేమ ఎక్కువున్న కుప్ప ఆరేదాకా కాంటాను దాని ముందే ఆపితే ఊరంతా ఆగిపోతుంది. హమాలీలు పక్క కుప్పకు పోతారు; ఆరినంక మళ్లీ వస్తారు. కుప్ప అంటే థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో విడిగా నడిచే ఒక పని), కాంటా అంటే దాన్ని నడిపే ప్రాసెసర్ కోర్.

లినక్స్ తన థ్రెడ్ ఒక్కోదానికి మామూలుగా 8 ఎంబీ స్టాక్ చోటు అట్టిపెడుతుంది. అందుకే చాలా భాషల్లో కొన్ని థ్రెడ్లనే ముందుగా తయారు చేసుకుని పనులు వాటికి పంచుతారు. అదే థ్రెడ్ పూల్. పూల్‌లోని థ్రెడ్లన్నీ నెట్‌వర్క్ జవాబు కోసం కూర్చుంటే కోర్లు ఖాళీగా ఉన్నా కొత్త పని మొదలవదు. హాస్కెల్ థ్రెడ్ మాత్రం దాదాపు 1 కేబీ స్టాక్‌తో మొదలవుతుంది. వచ్చిన ప్రతి అభ్యర్థనకూ ఒకటి పుట్టించినా భారం కాదు. ఎదురుచూసే థ్రెడ్‌ను పక్కకు జరిపి, సిద్ధంగా ఉన్నదాన్ని కోర్ మీదికి తెచ్చే పని భాష రన్‌టైమ్ చూసుకుంటుంది.

అట్లని పూల్ అక్కర్లేదనుకోవద్దు. థ్రెడ్లు చవకైతే ఇరుకు డేటాబేస్ దగ్గరికి జరుగుతుంది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ మామూలు అమరికలో ఒకేసారి 100 కనెక్షన్లే ఇస్తుంది. పదివేల థ్రెడ్లు ఒక్కసారి మీద పడితే ఎక్కువ భాగం తిరస్కరణే. కాబట్టి పరిమితి పెట్టాల్సింది థ్రెడ్ల మీద కాదు, కనెక్షన్ల మీద. అదే కనెక్షన్ పూల్.

ఇంకో చిక్కుంది: ఒకే సవారీని ఇద్దరు డ్రైవర్లు ఒకే క్షణంలో ఒప్పుకుంటే? హాస్కెల్‌లో విలువలు మామూలుగా మారవు కనుక చదవడానికి తాళాలు అక్కర్లేదు. మార్చాల్సిన కొద్దిపాటి చోట్లకు టిమ్ హారిస్, సైమన్ మార్లో, సైమన్ పేటన్ జోన్స్, మారిస్ హెర్లిహీ 2005లో ఎస్‌టీఎం (సాఫ్ట్‌వేర్ ట్రాన్సాక్షనల్ మెమొరీ) అనే పద్ధతి ఇచ్చారు. మార్పులన్నీ ఒక్కటిగా జరుగుతాయి. నడుమ ఇంకెవరైనా ఆ విలువను మారిస్తే ఆ కోడ్ ముక్క మొదటినుంచి మళ్లీ నడుస్తుంది. రెండుసార్లు నడిస్తే డ్రైవర్‌కు రెండు మెసేజ్‌లు పోవా? పోవు. ఆ ముక్క లోపల మెసేజ్ పంపే కోడ్ రాస్తే కంపైలరే ఒప్పుకోదు. ఈ భాషలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన గుణం ఇదే.

ఎస్‌టీఎం హద్దు మాత్రం నడిచే ఒక్క ప్రోగ్రామ్ జ్ఞాపకమే. సర్వర్లు రెండైతే ఆ సవారీ ఎవరిదో తేల్చాల్సింది డేటాబేసే. చివరికి బరువంతా డేటాబేస్ మీదే పడుతుంది. అందుకే ఎవరి కోడ్ చూసినా నేను మొదట వెతికేది కనెక్షన్ పూల్ ఎంత పెట్టారన్నది.