ప్రకృతిని చూడబోయేవాళ్ళమా, ప్రకృతిలోని వాళ్ళమా?

వేసవి సెలవులు రాగానే మనవాళ్ళలో చాలామంది పులిహోర పొట్లాలు, ఆవకాయ సీసా కారులో సర్దుకొని ఎల్లోస్టోన్‌కో, యోసెమిటీకో, స్మోకీ పర్వతాలకో ప్రయాణమౌతారు. వారం రోజులు తిరిగి, ఫోటోలు తీసుకొని ఇంటికి వచ్చాక "ప్రకృతిని చూచి వచ్చాము" అని స్నేహితులకు చెప్పుకొంటారు. వినడానికి మామూలు మాటే. కాని ఆగి ఆలోచిస్తే అందులో ఒక తిరకాసు ఉన్నది. చూచి వచ్చామంటే అది మనం లేనిచోట ఎక్కడో ఉన్నదన్నమాట. మనం ఉండే ఇల్లు, పనిచేసే ఆఫీసు, పిల్లల బడి, చివరికి మన ఒళ్ళు, ఇవేవీ ప్రకృతి కావన్నమాట. ఇది నిజమేనా? మనిషి ప్రకృతిలో భాగమా, లేక వెలుపల నిలబడి దానిని చూచేవాడా? వైద్యవృత్తిలో ఉన్న మాకు ఇది తీరికవేళ వేసుకొనే వేదాంత ప్రశ్నగా తోచదు. దీనికి చెప్పుకొనే జవాబునుబట్టే మన ఇంటి మందుల అలమర కూడా ఉంటుందని మా నమ్మకం. అదెలాగో మనవి చేస్తాము.

ముందు మాట సంగతి చూద్దాం. చిన్నప్పుడు తెలుగు మాస్టారు మనచేత ప్రకృతి వికృతులు వల్లె వేయించారు. అగ్ని ప్రకృతి, అగ్గి వికృతి. విద్య ప్రకృతి, విద్దె వికృతి. అంటే ప్రకృతి మూలరూపం; వికృతి దానినుంచి మారి వచ్చినది, దానికి పరాయిది కాదు. ఆయుర్వేద వైద్యులు రోగి నాడి పట్టుకొని "వీడిది పిత్త ప్రకృతి" అంటారు. అక్కడ ప్రకృతి అడవిలో లేదు, మనిషి ఒంట్లో ఉన్నది. సాంఖ్యులు మరీ ముందుకు పోయి శరీరమే కాదు, మనస్సు, బుద్ధి, అహంకారం కూడా ప్రకృతి పరిణామాలేనన్నారు. విడిగా నిలబడి చూచే పురుషుడు ఒకడున్నాడని కూడా వారే అన్నారు. కాబట్టి "మనవాళ్ళు ప్రకృతితో కలిసి బ్రతికారు, పాశ్చాత్యులు విడిపోయారు" అని మన సభలలో వినబడే మాట అంత సులభంగా నిలవదు. భాగమా, సాక్షియా అనే పేచీ మన ఇంట్లోనూ పాతదే.

ఇంగ్లీషు 'నేచర్' అనే మాటకూ ఇటువంటి చిక్కే ఉన్నది. జాన్ స్టూవర్ట్ మిల్ మరణానంతరం 1874లో వెలువడిన ఒక వ్యాసంలో ఆ మాటకు రెండర్థాలు విడదీశాడు. జగత్తులో ఉన్నదంతా, జరిగేదంతా నేచరే అనేది మొదటిది. మనిషి చేయి పడకుండా జరిగేది మాత్రమే నేచర్ అనేది రెండవది. మనం చిక్కుల్లో పడేది ఈ రెంటినీ కలిపేసి మాట్లాడినప్పుడే.

ఆ రెండవ అర్థాన్ని చట్టంలో పెట్టి, భూమిమీద గీత గీస్తే ఏమౌతుందో ఎల్లోస్టోన్ చరిత్ర చెబుతుంది. 1872లో దానిని నేషనల్ పార్కుగా ప్రకటించారు. అప్పటికి అక్కడ మనుషుల జాడ కనీసం 11,000 సంవత్సరాలుగా ఉన్నది. అక్కడి నల్ల గాజురాతిని చెక్కి బాణపు ములుకులు చేసుకొన్నవారున్నారు. షోషోనీ తెగలో 'షీప్ ఈటర్స్' అనే శాఖవారు కొండగొర్రెలను వేటాడుతూ అక్కడే కాపురముండేవారు. పార్కు ఏర్పడిన కొద్ది సంవత్సరాలలో వారిని అక్కడినుంచి పంపివేశారు. పైగా వేడినీటి బుగ్గలకు భయపడి ఆదివాసులు ఆ చాయలకే వచ్చేవారు కారని ప్రచారం చేశారు. తరువాత తోడేళ్ళ వంతు వచ్చింది. జింకజాతి ఎల్కులను తింటున్నాయని వాటిని వెంటబడి చంపారు. 1926 నాటికి పార్కులో తోడేలు లేకుండా పోయింది. ఎల్కులు పెరిగిపోయి లేత మొక్కలను మేసివేశాయి. చివరకు 1995, 1996 సంవత్సరాలలో కెనడానుంచి 31 తోడేళ్ళను తెచ్చి వదిలారు. ఆ తరువాత వచ్చిన మార్పులలో తోడేళ్ళ పాలు ఎంత అన్నదానిమీద శాస్త్రజ్ఞులలో భేదాభిప్రాయాలున్నాయి. కాని ఒక సంగతి మాత్రం స్పష్టం. మనం చూచి "మనిషి చేయి పడని చోటు" అని మురిసిపోయేది మనుషులను పంపించి, మృగాలను చంపి, మళ్ళీ తెచ్చి పెంచిన చోటు.

మన నల్లమలలోనూ ఇదే కథ. అహోబిల నరసింహస్వామి చెంచులక్ష్మిని పెండ్లాడాడని, శ్రీశైల మల్లన్న చెంచుల ఇంటి అల్లుడని చెప్పుకొనే అడవి అది. తేనె తీసి, దుంపలు తవ్వుకొని బ్రతికే చెంచులు ఆ అడవికి దేవుడంత పాతవారు. 1983లో ఆ అడవి పులుల అభయారణ్యమైంది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు ఉత్తరపు భాగం అమ్రాబాద్ పేరుతో తెలంగాణకు వచ్చింది. పులిని కాపాడవలసిందే, అందులో సందేహం లేదు. అయితే పులి ప్రకృతి, చెంచువాడు ఆక్రమణదారు అనే లెక్క ఎక్కడిది? అడవిలో తరతరాలుగా ఉన్నవారికి అక్కడ హక్కులున్నాయని మన దేశంలో చట్టం ఒప్పుకొనేసరికి 2006 వచ్చింది.

ఇక మాకు కాస్త తెలిసిన చోటికి, అంటే మనిషి ఒంటికి వద్దాం. ఒక సగటు పురుషుడి దేహంలో సుమారు 30 లక్షల కోట్ల కణాలుంటే, సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియా ఉన్నాయని 2016లో లెక్క కట్టారు. ఎక్కువభాగం పెద్దప్రేగులో ఉంటాయి. అన్నీ కలిపి తూస్తే 200 గ్రాములు. ఇవి మనకు జీర్ణంకాని పీచును పులియబెట్టి ప్రేగు గోడకు ఆహారం అందిస్తాయి, కొన్ని విటమిన్లు తయారుచేస్తాయి, చెడ్డ క్రిములకు చోటు దొరకనివ్వవు. ఇంకా లోపలికి పోతే, కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియా ఒకప్పుడు స్వతంత్రంగా బ్రతికిన బాక్టీరియాయే. ఈ వాదాన్ని 1967లో లిన్ మార్గులిస్ గట్టిగా ముందుకు తెచ్చినప్పుడు చాలామంది నమ్మలేదు. ఈనాడది పాఠ్యపుస్తకాలలో ఉన్నది. పెరుగుకు వేసే చెమ్చాడు పాత పెరుగును మనవాళ్ళు 'తోడు' అన్నారు. సూక్ష్మజీవులకు అంతకంటె సరైన పేరు మేము వినలేదు. తోడు లేనిదే పాలు పెరుగు కావు, మనిషి మనిషి కాడు.

మనిషి చేసిన పని తిరిగి మనిషి నెత్తురులోకి ఎలా వస్తుందో చూడండి. 1897 ఆగస్టు 20న మన సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. 1954లో ఆంథొనీ ఆలిసన్ సికిల్ సెల్ జన్యువు ఒక్కటే ఉన్నవారికి మలేరియానుంచి కొంత రక్షణ ఉంటుందని చూపించాడు. 1958లో ఫ్రాంక్ లివింగ్‌స్టన్ ఆ రెంటికీ వెనుకనున్న మనిషిని చూపించాడు. పశ్చిమ ఆఫ్రికాలో వ్యవసాయంకోసం అడవి నరికారు. ఎండ తగిలే నీటిగుంటలు ఏర్పడ్డాయి. ఆ గుంటలలో పెరిగే దోమ వృద్ధిచెందింది, మలేరియా పెరిగింది, దానితోపాటు ఆ జన్యువు వ్యాపించింది. రైతు గొడ్డలి దెబ్బ అతని మనుమల ఎర్ర రక్తకణం ఆకారాన్నే మార్చిందన్నమాట! ఇందులో ఎక్కడివరకు మనిషి, ఎక్కడినుంచి ప్రకృతి? గీత గీయమంటే మావల్ల కాదు.

ఇప్పుడు మన తెలుగువాడి కథ ఒకటి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి అన్నదమ్ములను స్ప్రూ అనే ప్రేగుల జబ్బు పొట్టన పెట్టుకొన్నది. ఆయన మద్రాసులో వైద్యం చదివి, 1923లో బోస్టన్ చేరి, తరువాత న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ లేబొరేటరీలో పరిశోధనలకు అధిపతి అయ్యారు. ఆయన హయాములోనే అక్కడ ఫోలిక్ ఆమ్లం తయారైంది. అక్కడే, డెబ్భై దాటిన బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఊరూరినుంచి తెప్పించిన మట్టిని పరీక్షిస్తూ, మిస్సోరీ విశ్వవిద్యాలయపు పొలంలోని మట్టిలో బంగారు రంగుతో పెరిగే ఒక సూక్ష్మజీవిని 1945లో కనుగొన్నాడు. దానినుంచి వచ్చిన మందు ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. 1948లో ఆ మందు వెలుగు చూచింది. అదే ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు. ఉష్ణదేశాల స్ప్రూ జబ్బుకు ఈనాటికీ ఇచ్చే చికిత్స ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్. గడ్డి పెరిగే నేలలోని మట్టి మన ప్రాణం నిలిపింది.

కథ అక్కడ ఆగితే బాగుండేది. ఆ మందు తీయగా మిగిలిన పిప్పిని తింటే కోడిపిల్లలు త్వరగా బరువెక్కుతున్నాయని అదే లేబొరేటరీలో గమనించారు. 1950 తరువాత కోళ్ళ దాణాలో, పశువుల మేతలో ఏంటీబయాటిక్కులు కలపడం వ్యాపారమైంది. 1976లో స్టూవర్ట్ లెవీ బృందం ఒక పరిశీలన ప్రచురించింది. టెట్రాసైక్లిన్ జాతి మందు కలిపిన దాణా మొదలుపెట్టిన వారంలోపే కోళ్ళ ప్రేగులలో మందుకు లొంగని క్రిములు ప్రబలాయి. ఆరు నెలలలోపల, ఆ మందు ముట్టని రైతు కుటుంబపు మనుషులలోనూ అవి కనిపించాయి. కోళ్ళు దొడ్లో, మనుషులు ఇంట్లో. క్రిములకు మాత్రం గోడ లేదు. పశువులను బలిపించడానికి మనుషుల మందులు వాడకూడదనే నిబంధన అమెరికాలో అమలులోకి వచ్చేసరికి 2017 అయింది.

మరొక వింత. కెనడాలో 30,000 సంవత్సరాలుగా గడ్డకట్టి ఉన్న నేలలోకూడా టెట్రాసైక్లిన్‌కు లొంగని జన్యువులున్నాయని 2011లో తేలింది. మట్టిలో ఒకదానిపై ఒకటి యుద్ధం చేసుకొనే సూక్ష్మజీవులకు ఆ అస్త్రమూ పాతదే, దానికి విరుగుడూ పాతదే. మనం కనిపెట్టామనుకొన్నది అరువు తెచ్చుకొన్నది. అరువు సొమ్మును ఎడాపెడా ఖర్చుపెట్టాము.

ఇక్కడ ఎవరైనా ఒక ప్రశ్న వేయవచ్చు: "మనిషి ప్రకృతిలో భాగమే అయితే, వాడు చేసేదంతా ప్రకృతి సహజమేగదా! ఫ్యాక్టరీ పొగా సహజమే, ప్లాస్టిక్కూ సహజమే. ఇక తప్పెక్కడున్నది?" మంచి ప్రశ్నే. దీనికి వైద్యులుగా మేము చెప్పగల సమాధానం ఒకటే. కాన్సరు కణం కూడా దేహంలో భాగమే. బయటనుంచి వచ్చినది కాదు, మన కణమే. భాగం కావడం వేరు, భాగానికి తగినట్లు ఉండడం వేరు. దేహం బాగుంటేనే తాను బాగుంటానని కాన్సరు కణానికి తెలియదు. మనిషికి తెలుసు. మనిషికి ఏదైనా ప్రత్యేకత ఉంటే ఈ తెలియడంలోనే ఉన్నది. అది అతనిని ప్రకృతినుంచి వేరుచేయదు, అతనిమీద బాధ్యత పెడుతుంది.

ఆ బాధ్యత ఇంటినుంచే మొదలుపెట్టవచ్చు. మన ఊరినుంచి అమ్మానాన్నలో, అత్తమామలో వచ్చేటప్పుడు పచ్చళ్ళతోపాటు మాత్రల అట్టలు కూడా పెట్టెలో వస్తాయి. ప్రేమతోనే తెస్తారు. వాటిలో అమాక్సిసిలిన్, అజిత్రోమైసిన్ తప్పక ఉంటాయి. పిల్లవాడికి జలుబు చేసి రెండు రోజులైతే చాలు, ఒక మాత్ర విరిచి ఇచ్చేవారున్నారు. జలుబు వైరస్‌లవలన వస్తుంది. ఏంటీబయాటిక్ దానిని ఏమీ చేయదు. చేసేదల్లా ప్రేగులలోని మన తోడును చంపడం, లొంగని క్రిములకు చోటు ఖాళీ చేయడం. న్యుమోనియాకు, టైఫాయిడ్‌కు అవే మందులు సంజీవని. ఆ రోజు వచ్చినప్పుడు పనిచేయాలంటే ఈ రోజు ఊరకే వాడకూడదు. డాక్టరు వ్రాస్తేనే వేసుకోండి, చెప్పినన్ని రోజులు వాడండి, మిగిలితే దాచకండి, పక్కింటివారికి ఇవ్వకండి. పెద్దవాళ్ళకు నొప్పి కలగకుండా ఈ సంగతి చెప్పడం కష్టమే. "అత్తయ్యగారూ, ఈ మాత్ర వీడి ఒక్కడి సంగతి కాదండీ, ఇంటిల్లిపాది సంగతి" అని చెబితే అర్థం చేసుకోనివారు ఉండరు.

మన పిల్లలు ఇక్కడి బడులలో ప్రకృతి రక్షణ గురించి చక్కని వ్యాసాలు వ్రాస్తున్నారు, బహుమతులు తెస్తున్నారు. సంతోషం. అయితే ఆ వ్యాసాలలో ప్రకృతి అంటే ఎప్పుడూ తిమింగలమో, వాననీటి అడవో, మంచు ఎలుగో. వాళ్ళ ప్రేగులు, వాళ్ళ కంచంలోని పెరుగు, స్నానాలగదిలోని మందుల అలమర కూడా ఆ వ్యాసంలో చేరదగినవేనని చెప్పవలసినవాళ్ళం మనమే. ఈసారి వ్యాసం వ్రాసేటప్పుడు పక్కన కూర్చొని ఆ మాట చెప్పి చూడండి. వాళ్ళు అడిగే ప్రశ్నలకు మనలో ఏ ఒక్కరికీ జవాబు తెలియకపోతే, నెలసరి సమావేశంలో అందరం కలిసి ఆలోచించుకొందాం.