జ్యేష్ఠమాసపు బుద్ధి - పుష్యమాసపు బుద్ధి



గ్రామములయందు తిరుగు మావంటి వ్యవసాయ ప్రదర్శకులు తమలో తాము చెప్పుకొను మాట యొకటి కలదు. "రైతు చూపినంతసేపు తలయూపును, వానలు రాగానే తనకు తోచినదే చేయును" అని. ఈ మాట మేమును పెక్కేండ్లు అనుచుంటిమి. మీ యెదుట కూడ అనియుందుము. నేడు దానిని వెనుకకు తీసికొనుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మాకు కనువిప్పు కలిగించినవాడు అయిదెకరముల మెట్ట గల యొక సభ్యుడు. ఆయన పేరు ఇచ్చట అనవసరము. మీలో కొందఱు పోల్చుకొనగలరేమో. పోల్చుకొన్నను దయచేసి ఊరకుండుడు. ఆయన వేరుసెనగ పండించును. మూడేండ్ల క్రిందట మృగశిర కార్తెలో విత్తనములకును ఎరువులకును 30,000 రూపాయలు కావలసివచ్చి సంఘమునకు వచ్చెను. అడంగలు నకలు లేదనియు, పాతబాకీ తీర్చిన రసీదు తేవలెననియు అచ్చట చెప్పిరి. ఆనాడు ఆకాశమున మబ్బు పట్టియున్నది. రెండు కాగితములకు రెండు దినములు తిరుగవలెను. ఆయన సంఘపు మెట్లు దిగి తిన్నగా బజారులోని ఎరువుల కొట్టునకు పోయి, నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీకి, పంట ఆ కొట్టునకే తోలవలెనను ఒప్పందముమీద సరకు తెచ్చుకొనెను. ఈ సంగతి మాకు తెలిసి, రచ్చబండయొద్ద నలుగురిలో ఆయనను గట్టిగా మందలించితిమి. ఆయన మాఱుమాటాడక తలవంచుకొని పోయెను.

పంట అమ్ముడుపోయిన పిమ్మట, పుష్యమాసమున, వారి యింటి అరుగుమీద కూర్చుండి, ఆ కొట్టుబేరమువలన ఎంత నష్టపడితిరని అడిగితిమి. ఆయన వ్రేళ్ల కణుపులమీద లెక్కించుచు, మేము కాగితము తీయకముందే చెప్పివేసెను. తోలినది 40 క్వింటాళ్లు. బజారు ధరకంటె క్వింటాలుకు 300 రూపాయలు తగ్గించి కట్టినందున పోయినది 12,000. అయిదు నెలల వడ్డీ 4,500. వెరసి 16,500. సంఘములో సాలుకు నూటికి ఏడు చొప్పున అదే అప్పునకు అదే కాలమునకు వడ్డీ 875 రూపాయలు. తరువాత మేము కాగితముమీద వేసి చూడగా ఒక్క రూపాయియైనను తేడా రాలేదు.

"ఇంత లెక్క తెలిసినవారు ఆనాడేల వేసికొనలేదు?" అని అడిగితిమి.

"తెలవక కాదయ్యగారూ. ఆనాడు లెక్కేసుకోవాలని తోచలేదు. మబ్బు దాటిపోతుందేమోనన్న బెంగ ఒక్కటే. తమరేమో నలుగురిలో తెలివితక్కువవాడన్నారు. నేనూ అవునేమో అనుకున్నాను" అని ఆయన నవ్వెను. ఆ నవ్వు మాకు మిక్కిలి కష్టముగా నుండెను. ఆ 16,500 రూపాయలు పోయినందున ఆయన కూతురు ఆ యేడు కళాశాలలో చేరలేదు. ఈ సంగతి ఆయన చెప్పలేదు. వారి యిల్లాలు మజ్జిగ తెచ్చి యిచ్చుచు చెప్పినది.

పుష్యమాసములో అంత చక్కగా పనిచేసిన బుద్ధి జ్యేష్ఠమాసములో ఎచటికి పోయినది? ఈ ప్రశ్నను మాకంటె ముందే విచారించినవారున్నారు. ఆనంది మణి, సెంథిల్ ముల్లైనాథన్, ఎల్డార్ షఫీర్, జియాయింగ్ ఝావో అను నలుగురు పండితులు తమిళనాట 54 గ్రామములలో 464 మంది చెఱకు రైతులను పరీక్షించి, తాము కనుగొన్న విషయములను 2013వ సంవత్సరమున సైన్స్ అను పత్రికలో ప్రకటించిరి. చెఱకు రైతులనే యేల ఎన్నుకొనిరనగా, వారికి చేతికి సొమ్ము వచ్చుట యేటికొక్కమారే. మఱియు మిల్లువారు నఱకుటకు వంతులవారీగా అనుమతి నిత్తురు గనుక ఒకే నెలలో ఒకనికి సొమ్ము వచ్చియుండును, పొరుగువానికి రాకయుండును. కాబట్టి ఎండలవలననో వానలవలననో పండుగలవలననో తేడా వచ్చినదనుటకు వీలు తక్కువ.

ఒక్కొక్క రైతును పంటకు ముందొకమారు, పంట తరువాత ఒకమారు పరీక్షించిరి. బొమ్మల వరుస చూపి, అందులో లోపించిన ముక్క యేదో పోల్చుమనిరి. పంటకు ముందు సగటున సరియైన జవాబులు 4.35, పంట తరువాత 5.45. ఇంకొక పరీక్ష చిత్రమైనది. 5 5 5 అని వ్రాసి చూపి, ఎన్ని యంకెలున్నవని అడుగుదురు. కన్ను అయిదనుమని తొందరపెట్టును, జవాబు మూడు. ఇట్టి వన్నియు ముగించుటకు పంటకు ముందు 146 సెకండ్లు పట్టగా, తరువాత 131 సెకండ్లే పట్టినవి. తప్పులును తగ్గినవి. మనిషి వాడే, చదువు అదే, ఊరు అదే. మాఱినది చేతిలోని సొమ్ము ఒక్కటే. పంటకు ముందు నూటికి 78 మంది ఏదో యొక వస్తువు తాకట్టు పెట్టియుండిరి. పంట తరువాత అట్టివారు నలుగురే.

వారి సిద్ధాంత మిది. డబ్బులేని దినములలో మనసు డబ్బుచుట్టునే తిరుగుచుండును. తక్కిన ఆలోచనకు చోటు చాలదు. కావడిలో కుండలు నిండియున్నవానిని ఇంకొక బిందె అందుకొమ్మని యడిగినట్లుండును. వాని బలము తగ్గలేదు. చేతులు ఖాళీ లేవు.

ఈ మాట అందఱును ఒప్పుకొనలేదని కూడ చెప్పవలెను. అమెరికాలో జీతముమీద బ్రతుకువారిని జీతపు దినమునకు ముందును వెనుకను పరీక్షించి 2016లో ప్రకటించిన మఱియొక పరిశోధనమున, ఆలోచనాశక్తిలో ఇట్టి తేడా కనబడలేదు; జీతమునకు ముందు మాత్రము జనులు రేపటి పెద్ద మొత్తముకంటె నేటి చిన్న మొత్తమునకు ఎక్కువ ఆశపడిరి. మా యూహలో నెలకొకమారు వచ్చు జీతమునకును, యేటికొకమారు వచ్చు పంటకును చాల భేదము కలదు. పండితుల వాదము వారు తీర్చుకొందురు గాక. నేటి చిన్నదానికి లొంగుట యను మాట చాలును, మనకు పాఠము.

రైతుకు మాత్రమే ఇట్లగునని తలపకుడు. నాలుగేండ్ల క్రిందట మా తల్లిగారిని అర్ధరాత్రమున ఆసుపత్రికి చేర్చవలసి, తెల్లవారులోగా డబ్బు కట్టవలసివచ్చెను. నూటికి మూడు వడ్డీకి నోటు వ్రాసి యిచ్చితిమి. మా యుద్యోగుల పొదుపు సంఘమున మేము పదునాఱేండ్లుగా సభ్యులము. తెల్లవారి అచ్చట అడిగియుండిన, నాలుగు దినములలో మూడవవంతు వడ్డీకే అప్పు దొరకి, నోటు చింపివేసియుందుము. ఆ సంఘము మాకు నెలరోజులవఱకు జ్ఞప్తికే రాలేదు! వచ్చిన తరువాత సిగ్గుచే ఇంకను ఆలస్యము చేసితిమి. పందొమ్మిది నెలలు ఆ వడ్డీ కట్టితిమి. అదే కాలమున ఊరూర తిరిగి అప్పులను గూర్చి ఉపన్యాసములు కూడ ఇచ్చితిమి.

ఇక ప్రదర్శనముల సంగతి. కెన్యా దేశపు పశ్చిమభాగమున బుసియా ప్రాంతమునందు మొక్కజొన్న రైతులతో ఎస్తేర్ డుఫ్లో, మైకేల్ క్రెమర్, జొనాథన్ రాబిన్సన్ అనువారు చేసిన పని 2011లో ప్రకటితమైనది. (వీరిలో మొదటి యిరువురికి 2019లో, అభిజిత్ బెనర్జీతో కలిపి, అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము వచ్చెను.) అచ్చట రైతుల సొంత పొలముననే చిన్న మడులు వేసి, ఎరువువలని లాభమును కన్నులార చూపిరి. రాబోవు పైరునకు ఎరువు వేయుదురా యని అడుగగా నూటికి 97 మందికి పైగా వేయుదుమనిరి. తీరా వేసినవారు నూటికి 37 మంది. ఈ యంకెలు చదివి మేము పుస్తకము మూసి కొంతసేపు కూర్చుంటిమి. తలయూపుట అబద్ధము కాదు. తలయూపిన దినమునకును ఎరువు వేయు దినమునకును నడుమ సొమ్ము ఏదో యొక దారిని కరగిపోయినది.

అందుచేత వారొక ఉపాయము చేసిరి. పంట చేతికి వచ్చినవెంటనే రైతు ఇంటికి పోయి, "ఇప్పుడే సొమ్ము కట్టి చీటి తీసికొనుడు, ఎరువు కావలసిననాడు ఉచితముగా ఇంటికి చేర్చుదుము" అనిరి. వెల తగ్గించలేదు, మోతకూలి మాత్రమే మినహాయింపు. ఎరువు వేసినవారి సంఖ్య బాగుగా పెరిగెను. అదే మోతకూలి మినహాయింపును ఎరువు వేయు కాలమున ఇచ్చి చూడగా ఫలము లేకపోయెను. ఆ కాలమున అంతటి ఫలము రావలెనన్న వెలలో సగము తగ్గింపవలసివచ్చెను! సర్కారు ఖజానాలోని సగము వెలయెంతో, సరియైన మాసమున రైతు ఇంటి గడపకు పోవుట యంతయని తేలినది.

మన తెలుగుదేశపు ఉదాహరణము కూడ ఒకటి కలదు. మహబూబునగరము, అనంతపురము జిల్లాలలో వర్షాభావమునకు భీమా ప్రవేశపెట్టినప్పుడు కొన్నవారు చాల కొద్దిమంది. ఏల కొనలేదో చూడవలెనని కొన్ని యిండ్లకు మనుష్యులను పంపి, వారి కాలమునకు ప్రతిఫలముగా కొందఱికి 25 రూపాయలును కొందఱికి 100 రూపాయలును ఇచ్చిరి. 100 ఇచ్చిన యిండ్లలో కొనుగోలు మిక్కిలి పెరిగెను. తమకు తెలిసిన, నమ్మకమైన సంస్థవారు వెంట వచ్చి మంచిదని చెప్పినచోటను పెరిగెను. చేతిలో రూపాయి, ఎదుట తెలిసిన ముఖము - ఈ రెండును లేనప్పుడు ఎంత మంచి పథకమైనను కాగితముగానే మిగులును. కాగితమును చేతికిచ్చి, చదువుకొనుడని చెప్పి పోవు మావంటివారికి ఇది చేదుమాట.

ఈ వ్యాసము సంఘపు పెద్దలు కూడ చదువుదురు గనుక వారిని ఒక్కటి అడుగుచున్నాము. సంఘపు అప్పు తీర్చుటకు గడువు పంటకాలమున పెట్టితిమి. రైతు చేతిలో సొమ్ముండు దినము ఏదో మనకు బాగుగ తెలియునన్నమాట. అట్లయినచో అప్పు కోరు దరఖాస్తును, అడంగలును, పాతబాకీ రసీదును మృగశిర మబ్బుక్రింద ఏల అడుగుచున్నాము? బాకీ కట్టిననాడే, అదే బల్లయొద్ద, వచ్చే పైరు దరఖాస్తు ఏల వ్రాసికొనరాదు?

మా సర్కిలులోని యొక సంఘమువారు గడచిన రెండేండ్లుగా అట్లు చేయుచున్నారు. సంక్రాంతికి ముందు గుమాస్తా వీధివీధి తిరిగి కాగితములు కూర్చుకొనును. దానితోపాటు ఎరువు చీటి యను నొక ఏర్పాటు పెట్టిరి. (చీటీపాట కాదు, కంగారుపడకుడు.) సభ్యుడు ఇష్టమున్నంత, ఒక్క బస్తాకైనను సరే, ముందుగా సొమ్ము కట్టి రసీదు పొందును, మృగశిరలో బస్తా తీసికొనును. అద్భుతములేమియు జరుగలేదు. మొదటి యేడు పదునొకండుగురు కట్టిరి; వారిలో ముగ్గురు పెండ్లిండ్లనియు వైద్యమనియు మాఘములోనే వెనుకకు తీసికొనిపోయిరి. రెండవ యేడు ఇరువది యిద్దఱు కట్టిరి. బజారు కొట్టునకు పోవువారు ఇంకను పోవుచునే యున్నారు. కొట్టువానిని మేము తిట్టము. అర్ధరాత్రమున తలుపు తట్టినను వాడు అడంగలు అడుగడు. ఆ గుణము సంఘమునకు అబ్బువఱకు వానికి గిరాకి యుండనే యుండును.

మేము మిషను పాఠశాలలో చదువుకొనునప్పుడు, సెలవులకు ఇంటికి పోవు దారిఖర్చును వసతిగృహపు వార్డెనుగారు బడి తెఱచిన దినముననే మాయొద్ద తీసికొని పెట్టెలో పెట్టి తాళము వేయుచుండిరి. ఇంటికి పోవు ముందురోజుననే మరల ఇచ్చువారు. బజ్జీల బండి వచ్చిన ప్రతి సాయంకాలమును మేము ఆయనను తిట్టుకొంటిమి. నడచి ఇంటికి పోయినవాడు మాత్రము మాలో ఒక్కడును లేడు. ఆ పెట్టె సంగతి ఇన్నాళ్లకు మాకు మరల జ్ఞప్తికి వచ్చుటకు కారణమున్నది.

పైన చెప్పిన అయిదెకరముల రైతు ఈ సంక్రాంతికి నాలుగు దినములు ముందుగా సంఘమునకు వచ్చి, దరఖాస్తును కాగితములును ఇచ్చి, ఆఱు బస్తాలకు సొమ్ము కట్టెను. ఆ సమయమున మేమచ్చటనే యుంటిమి. గుమాస్తా రసీదు వ్రాసి చేతికందీయబోగా ఆయన పుచ్చుకొనలేదు.

"నా దగ్గఱ వద్దులే బాబూ, మీ బీరువాలోనే ఉంచు. నేను చైత్రంలో వచ్చి డబ్బు తిరిగిమ్మని పోట్లాడతాను. ఇయ్యకు" అనెను.

గుమాస్తా మావంక చూచెను. నియమావళిలో అట్టి నిబంధన లేదు. చివరకు రసీదు వెనుక ఆయన చేతనే ఆ మాట వ్రాయించి, సంతకము తీసికొని, బీరువాలో పెట్టిరి. ఆయన కూతురు ఇప్పుడు కళాశాలలో రెండవ సంవత్సరము చదువుచున్నది.