పాత సిమెంట్ రేకులు తీసేస్తున్నారా? సుత్తి పక్కన పెట్టండి!

ఇంటి మీద పాత సిమెంట్ రేకులు తీసేసి స్లాబ్ వేయిద్దామనుకుంటున్నారా? అయితే ఇది మీకోసమే.

ఆ రేకుల్లో చాలావాటిలో సిమెంట్‌తో పాటు ఆస్‌బెస్టాస్ అనే పీచు కలిసి ఉంటుంది. రేకు బాగున్నంతకాలం ఆ పీచు సిమెంట్‌లోనే గట్టిగా పట్టుకుని ఉంటుంది. కాబట్టి కింద ఉంటున్నామని కంగారు పడక్కర్లేదు. పగలగొట్టినా, కట్టర్‌తో కోసినా, డ్రిల్ వేసినా అసలు సమస్య మొదలు. కంటికి కనపడని పీచు గాల్లో లేచి ఊపిరితిత్తుల్లోకి దిగిపోతుంది. అన్ని రకాల ఆస్‌బెస్టాస్ వల్లా క్యాన్సర్ వస్తుందని డబ్ల్యూహెచ్‌ఓ చెబుతోంది. జబ్బు బయటపడటానికి 20, 30 ఏళ్లు కూడా పట్టొచ్చు. అందుకే "మా మేస్త్రీ ఎన్నో తీశాడు, ఏం కాలేదు" అనే లాజిక్ ఇక్కడ పనిచేయదు.

చూసి కనిపెట్టలేం, ల్యాబ్ టెస్టే దిక్కు. టెస్ట్ చేయించకపోతే ఉందనే అనుకోండి.

మరి ఎలా తీయాలి? పిల్లల్ని దూరంగా పంపండి. రేకుల్ని నీళ్లతో తడిపి, బోల్టులు విప్పి, విరగకుండా దించాలి. రేకు మీద నేరుగా కాలు పెట్టకూడదు, విరిగి కింద పడతారు. మూతికి కర్చీఫ్ చాలదు, సన్నటి దుమ్మును ఆపే సరైన మాస్కు కావాలి. చీపురుతో ఊడవద్దు, తడిగుడ్డతో తుడవండి. ముక్కల్ని మందపాటి ప్లాస్టిక్‌లో రెండు పొరలుగా చుట్టి, ఎక్కడ వేయాలో మున్సిపాలిటీలో అడగండి. పునాది గుంతలో మాత్రం పోయొద్దు.

ఇంకో మాట. ఆ దుమ్ము అందరికంటే ముందు పీల్చేది పైకెక్కిన కూలీ అన్నే. మాస్కు ఖర్చు మీరే పెట్టుకోండి. ఓకే, నెక్స్ట్ వీడియోలో కలుద్దాం!