ఆపదలో ఇద్దరు రక్షకులు.. ఆజ్ఞ ఎవరిది?

అగ్నిప్రమాదం సంభవిస్తే మంటలార్పి బాధితులను వెలికితీయడం అగ్నిమాపక సిబ్బంది పని. జనాన్ని అదుపు చేసి, శకటాలకు దారి కల్పించడం పోలీసుల బాధ్యత. మన జిల్లాల్లో సాధారణంగా కనిపించే విభజన ఇది. అమెరికాలోని న్యూయార్క్‌ నగరంలో మాత్రం ప్రాణరక్షణ పనిని రెండు శాఖలూ చేపడతాయి. వాటి మధ్య దశాబ్దాలుగా సాగిన పోటీ ఎంతటి ముప్పు తెచ్చిందో 2001 సెప్టెంబరు 11న ప్రపంచానికి తెలిసింది.

ఒకే పనికి రెండు దళాలు

న్యూయార్క్‌ అగ్నిమాపక శాఖలో తొలి ప్రత్యేక రక్షక దళం 1915లో ఏర్పడింది. పోలీసు శాఖ 1930లో అత్యవసర సేవల విభాగాన్ని నెలకొల్పింది. నుజ్జయిన వాహనాలను కోసి క్షతగాత్రులను బయటకు తీయడం మొదలు నీట మునిగినవారిని కాపాడటం వరకు రెండింటికీ శిక్షణ ఉంది, పరికరాలూ ఉన్నాయి. దీంతో ఒకే ప్రమాద స్థలానికి ఇరువురూ చేరడం, పెత్తనం ఎవరిదన్న వివాదం తలెత్తడం పరిపాటి అయింది. శాఖ ప్రతిష్ఠ, నిధుల కేటాయింపు కూడా ఈ పోటీకి ఆజ్యం పోశాయి.

1993 ఫిబ్రవరి 26న ప్రపంచ వాణిజ్య కేంద్రంలో బాంబు పేలినప్పుడు పోలీసులు హెలికాప్టర్లతో పైకప్పు మీది నుంచి కొందరిని తరలించారు. అది ప్రమాదకర విన్యాసమని అగ్నిమాపక వర్గాలు ఆక్షేపించాయి. సమన్వయం కోసం 1996లో నగర పాలకులు అత్యవసర నిర్వహణ కార్యాలయాన్ని ఏర్పాటు చేశారు. విపత్తులో ఆధిపత్యం ఎవరిదో నిర్దేశిస్తూ 2001 జులైలో మేయర్‌ గియులియానీ ఉత్తర్వులిచ్చారు. అయినా ఎవరి దారి వారిదే అయింది.

ఆ 29 నిమిషాలు

సెప్టెంబరు 11న ఉదయం 9.59 గంటలకు దక్షిణ టవర్‌, 10.28కి ఉత్తర టవర్‌ కూలాయి. ఆ వ్యవధిలో ఉత్తర టవర్‌ కూడా నిలవదని హెలికాప్టర్‌లోని పోలీసులు రేడియోలో హెచ్చరించారు. ఆ సమాచారం అగ్నిమాపక అధికారులకు అందలేదు. రెండు శాఖల రేడియోలు వేరు, కమాండ్‌ కేంద్రాలు వేరు. భవనం ఖాళీ చేయాలని అగ్నిమాపక అధికారులు తమంతట తాము ఆదేశించినా, పక్క టవర్‌ పూర్తిగా కూలిన సంగతి లోపలున్న చాలామందికి తెలియదు. కొందరికి ఆదేశమే వినిపించలేదు. ఆ రోజు రెండు టవర్ల వద్ద 343 మంది అగ్నిమాపక సిబ్బంది, 23 మంది నగర పోలీసులు అసువులు బాశారు. ఈ నష్టాన్నంతటినీ శాఖల వైరానికే ఆపాదించలేం. అయితే ఇరు శాఖలూ తమను స్వతంత్రంగానే భావించుకున్నాయని, సమాచార మార్పిడి కొరవడిందని విచారణ సంఘం తేల్చింది.

తరువాత 2005లో న్యూయార్క్‌ నగరవ్యాప్త విపత్తు నిర్వహణ విధానాన్ని ఖరారు చేసింది. ఏ తరహా ఘటనకు ఏ శాఖ సారథ్యం వహించాలో, ఎక్కడ ఉమ్మడి నాయకత్వం ఉండాలో అందులో పేర్కొన్నారు. ప్రమాదకర రసాయనాల ఘటనల్లో తొలి ఆధిపత్యం పోలీసులకు ఇవ్వడంపై అగ్నిమాపక ఉన్నతాధికారులు బహిరంగంగానే అభ్యంతరం తెలిపారు.

మనకు వర్తించేదేమిటి?

విపత్తు నిర్వహణ చట్టం 2005 ప్రకారం జిల్లా ప్రాధికార సంస్థకు కలెక్టరే అధ్యక్షుడు. 2010లో జాతీయ ప్రాధికార సంస్థ జారీ చేసిన మార్గదర్శకాలు సైతం ఘటనా స్థలంలో ఒకే కమాండర్‌ ఉండాలని సూచిస్తున్నాయి. పోలీసు, అగ్నిమాపక, వైద్య, రెవెన్యూ శాఖలు కలిసి పనిచేయాల్సిన సందర్భాలు మనకూ తరచు ఎదురవుతూనే ఉంటాయి. కాగితం మీద అధికారాలు పంచుకున్నంత మాత్రాన సరిపోదు. ఒకరి మాట మరొకరికి వినిపించే రేడియో ఏర్పాట్లు, కలిసి చేసే ముందస్తు సాధన ఉన్నప్పుడే బాధితుడికి సకాలంలో సాయం అందుతుంది. న్యూయార్క్‌లో 2001 జులైలోనే ఉత్తర్వులున్నా, రెండు నెలల తరువాత అవి అక్కరకు రాలేదన్నది మరువరాదు.