ఆలస్యంగా మొదలైన ఆసక్తి

ఇంటర్మీడియట్ రెండేళ్లూ ఎంట్రన్సు కోచింగ్‌లోనే గడిచిపోయిన మన పిల్లలు అమెరికా కళాశాలలకు దరఖాస్తు చేసేటప్పుడు ఒకచోట తడబడతారు. 1,000కి పైగా విద్యాసంస్థలు స్వీకరించే కామన్ యాప్‌లో చదువేతర కార్యకలాపాల కోసం 10 గడులున్నాయి. ఏ తరగతిలో చేశారు, వారానికెన్ని గంటలు, ఏడాదికెన్ని వారాలు అని అడుగుతారు. వివరణకు ఖాళీలతో సహా 150 అక్షరాలే చోటు. కనుక 12వ తరగతిలో మొదలుపెట్టిన పని ఆలస్యంగా మొదలైందన్న సంగతి దాగదు.

దాచవద్దనే మేమూ అంటాము. నాలుగు నెలలుగా బస్తీ పిల్లలకు లెక్కలు చెబుతున్న ఒక అమ్మాయి ‘సమాజసేవ’ అని మాత్రమే రాస్తే అందులో ఆమె కనిపించదు. ‘శనివారాలు ఆరుగురికి భిన్నాలు బోధించాను, రొట్టె ముక్కలు చేసి చూపాకే అర్థమైంది’ అని రాస్తే కనిపిస్తుంది. పది గడులూ నింపనక్కరలేదు. దరఖాస్తు నెలలో హడావుడిగా మూడు సంఘాలలో చేరడమెందుకు?

మరొక సంగతి. మంచంపట్టిన నానీకి సేవచేయడం, తమ్ముళ్లను చూసుకోవడం వంటివి రాసేందుకు అందులో ‘కుటుంబ బాధ్యతలు’ అనే విభాగమే ఉన్నది. మన ఇళ్లలో దీనిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు; ఆడపిల్లలైతే అసలే చెప్పుకోరు. మీ అమ్మాయి ఆ పని 9వ తరగతి నుంచే చేస్తున్నదేమో, తల్లులారా, ఒకసారి గుర్తుచేసుకోండి.