విద్యయు విరామమును

మధ్యాహ్నపుటెండ ముదిరినంతనే రైతు కాడి దించి, ఎద్దులను చెట్టునీడకు తోలును. దానిని సోమరితనమని ఎవ్వరును అనరు. మిగిలిన చాళ్లు సాయంకాలమునకు సాగవలెనన్నచో ఆ నీడ అవసరమని పల్లెలో అందరికిని తెలియును. కాని విద్యార్థి పుస్తకము మూసి లేచినచో, ఇంటను బడిలోను అతనిపై అనుమానపు చూపులు ప్రసరించును. ఎద్దునకున్న హక్కు బుద్ధికి లేదా?

మన పూర్వులు ఈ హక్కును ఎరుగనివారు కారు. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పూర్ణిమ, అమావాస్యలు వేదవిద్యకు అనధ్యయన దినములు. శోకమున కృశించిన సీతను పాడ్యమినాడు చదివినవాని విద్యతో పోల్చిన ఘట్టము సుందరకాండమున కలదు. ఈ నియమమునకు ధర్మశాస్త్రములు చెప్పిన కారణములు వేరు కావచ్చును. విద్యకును విరామము కలదను భావము మాత్రము మనకు క్రొత్తది కాదు.

దీనిని కొలిచి చూచినవాడు జర్మన్ శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఎబింగ్‌హౌస్. అర్థములేని చిన్న చిన్న శబ్దముల వరుసలను తానే వల్లించి, మరచి, మరల వల్లించి, ఫలితములను 1885లో ప్రకటించెను. ఒకేనాడు 68 మారులు వల్లించినందున కలిగిన ప్రయోజనము, మూడు దినములకు పంచి 38 మారులు వల్లించినంతనే ఆయనకు సమకూరెను. 1924లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున జెంకిన్స్, డాలెన్‌బాక్ అనువారు ఇద్దరు విద్యార్థులపై ప్రయోగము జరిపిరి. నేర్చిన పిమ్మట నిద్రించినపుడు కలుగు మరపు, అంత కాలము మేల్కొనియున్నపుడు కలుగు మరపుకంటె తక్కువయని తేలెను. పరీక్షకు ముందటి రాత్రి నిద్ర మాని చదువువాడు తన సొమ్మును తానే పోగొట్టుకొనుచున్నాడన్నమాట.

అట్లని విశ్రాంతియే విద్య నిచ్చునా? ఫ్రెంచి గణితవేత్త హెన్రీ పొయింకారే అనుభవము దీనికి సమాధానము. 1880 ప్రాంతమున ఆయన ఒక కఠినసమస్యపై పట్టుదలతో శ్రమించి, పిదప దానిని విడిచి విహారయాత్రకు పోయెను. కూటాన్స్ పట్టణమున బండి మెట్టుపై కాలు మోపిన క్షణమున, ఒక సంబంధము మెరుపువలె తోచెను. అయినను ఆయన మెరుపును నమ్మి ఊరకుండలేదు. ఇంటికి వచ్చి లెక్క సరిచూచెను. విరామమునకు ముందును వెనుకను తెలిసి చేసిన శ్రమ యుండిననే అది ఫలించునని 1908లో ఆయన స్పష్టముగా చెప్పెను.

కావున దోషము విశ్రాంతిలో లేదు. రెంటిని కలగలుపుటలో ఉన్నది. పుస్తకము ముందుంచుకొని మనస్సును వీథిలో తిరుగనిచ్చుట పనియు కాదు, విశ్రాంతియు కాదు. లేచిన వెంటనే సెల్‌ఫోను పట్టుకొన్నచో మనస్సునకు పని మారినదే కాని ఆగలేదు. చదువునంతసేపు చదువే యుండవలెను. లేచినపుడు నడకయో, ఆటయో, చెట్టునీడయో ఉండవలెను.

ఇందు ఉపాధ్యాయుని పాత్రయే పెద్దది. సోమవారము చెప్పిన పద్యమును బుధవారము ఒకమారు, శనివారము మరియొకమారు అడిగినచో చాలును. ఒక్కరాత్రిలో ఇరువదిమారులు వ్రాయించు శిక్షతో పనిలేదు. ఆటల గంటను లెక్కల గంటగా మార్చు ఉత్సాహమును కొంత అణచుకొన్నచో, ఆ లెక్కలే పిల్లలకు మరింత బాగుగ వచ్చును.